330ఐ గొంతు మార్చే పని: ఎగ్జాస్ట్ ప్రాజెక్టు డైరీ

కారు 2003 బీఎమ్‌డబ్ల్యూ 330ఐ, ఈ46 బాడీ (ఆ తరం 3 సిరీస్‌కు కంపెనీ కోడ్), ఐదు గేర్ల మాన్యువల్. ఇంజను ఎం54బీ30. వరసగా ఆరు సిలిండర్లు, 2,979 సీసీ, 5,900 ఆర్‌పీఎమ్ దగ్గర 225 హార్స్‌పవర్. కారు కాలిఫోర్నియాలో ఉంది కాబట్టి పని మొదలెట్టకముందే రెండు హద్దులు పెట్టుకున్నాం. పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ల జోలికి, వాటికి ముందూ వెనకా ఉన్న నాలుగు ఆక్సిజన్ సెన్సర్ల జోలికి వెళ్లేది లేదు. స్మాగ్ టెస్టులో (అక్కడి పొగ పరీక్షలో) వాటిని కళ్లతో కూడా చూస్తారు. ఇక శబ్దం: 6,000 పౌండ్ల లోపు కార్లకు అక్కడి పరిమితి 95 డెసిబెళ్లు. పని అంతా కన్వర్టర్ల తర్వాతే, పైపులను బోల్టులతో కలిపే ఫ్లాంజ్ నుంచి తోక గొట్టం దాకా.

కోరుకున్నది చప్పుడు పెంచడం కాదు. 4,000 ఆర్‌పీఎమ్ దాటాక సన్నగా, ఒకే గొంతుతో పైకెక్కే స్వరం కావాలి. 65 మైళ్ల వేగంలో క్యాబిన్లో మోత ఉండకూడదు. వెనక సైలెన్సర్ పీకేసి ఖాళీ పైపు పెడితే ఈ రెండూ రావు. ఉన్న గొంతే పెద్దదవుతుంది, రేకు గరగర తోడవుతుంది, అంతే. స్వరాన్ని నిర్ణయించేది ఇంజను నుంచి వచ్చే రెండు పైపులు ఎక్కడ, ఎలా కలుస్తాయన్నది. సైలెన్సర్ ఆ తర్వాతి సంగతి.

ముందు లెక్క

ఈ ఇంజను మండే వరస 1-5-3-6-2-4. సిలిండర్ల నుంచి గ్యాసును పోగుచేసే మానిఫోల్డ్‌లు రెండు: 1, 2, 3 సిలిండర్లకు ఒకటి, 4, 5, 6కు ఇంకొకటి. ఆ వరసను మళ్లీ ఓసారి చదవండి: ముందు గుంపు, వెనక గుంపు, మళ్లీ ముందు, మళ్లీ వెనక. ఒక్కసారి కూడా తప్పకుండా ఒకటి విడిచి ఒకటి. అంటే ఒక్కో పైపులో క్రాంక్‌షాఫ్ట్ తిరిగే ప్రతి 240 డిగ్రీలకు ఒక గ్యాసు దెబ్బ పడుతుంది. రెండు పైపులూ సమానమైన పొడవుతో వచ్చి కలిస్తే 120 డిగ్రీలకు ఒకటి చొప్పున, దువ్వినట్టు వరసగా పడతాయి.

చెవికి దీని తేడా ఎంతంటే, 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర విడి పైపులో మూల స్వరం 75 హెర్ట్జ్, కలిసిన పైపులో 150. సరిగ్గా రెట్టింపు. ఆర్‌పీఎమ్‌ను 40తో భాగిస్తే విడి పైపు స్వరం, 20తో భాగిస్తే కలిసిన పైపు స్వరం. ఈ రెండు అంకెలు గుర్తుంటే శబ్దంలో ఏ హెర్ట్జ్ ఎంత ఉందో చూపే స్పెక్ట్రమ్ యాప్ ఏది ఫోన్లో తెరిచినా వినపడే మోత ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పేయొచ్చు.

మరి పొడవులు సమానంగా లేకపోతే? కన్వర్టర్ దాటిన గ్యాసు 480 డిగ్రీల సెల్సియస్ అనుకుంటే అందులో శబ్ద వేగం సెకనుకు 550 మీటర్లు. ఒక పైపు 30 సెంటీమీటర్లు పొడవుంటే దాని దెబ్బ 0.55 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. 3,000 దగ్గర అది పది డిగ్రీలు. 120-120గా పడాల్సినవి 110-130గా పడతాయి. 6,000 దగ్గర తేడా ఇరవై డిగ్రీలకు చేరుతుంది. అంటే ఇంజను పైకెళ్లే కొద్దీ గొంతు శుభ్రపడే బదులు బొంగురుపోతుంది. ఆ బొంగురే ఇష్టమైనవాళ్లు కావాలనే పొడవులు తేడాగా పెడతారు, తప్పేం లేదు. ఈ కారుకి మాత్రం అది వద్దనుకున్నాం.

పైసా ఖర్చు లేని పరీక్ష

330ఐ వెనక సైలెన్సర్‌లో ఒక తోక గొట్టానికి వాక్యూమ్‌తో పనిచేసే మూత ఉంటుంది. వాక్యూమ్ అందితే మూసుకుంటుంది, ఆగితే స్ప్రింగు దాన్ని తెరుస్తుంది. సన్నని రబ్బరు గొట్టం పీకి, గొట్టం కొసను గట్టిగా బిగించేస్తే మూత ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొస మూయకుండా వదిలేస్తే ఇంజను అక్కణ్ణుంచి గాలి పీల్చుకుంటుంది, మిశ్రమం పలచబడి చెక్ ఇంజను లైటు వెలుగుతుంది. తర్వాత సైలెన్సర్ మార్చినప్పుడు కూడా ఈ గొట్టాన్ని మూయడం మర్చిపోకూడదు.

మూత తెరిచి నడిపితే ఐడిల్ దగ్గర కాస్త బరువుగా వినపడింది, పైన తేడా దాదాపు లేదు. ఊహించిందే. పైన కావాల్సిన మార్పు తోక దగ్గర దొరకదని ఇక్కడే తేలిపోయింది.

ఇంకో చిన్న పరీక్ష: కారు నిలిపి ఒకరు 3,500 దగ్గర యాక్సిలరేటర్ పట్టుకుంటే, ఇంకొకరు ముందు ఎయిర్ ఫిల్టర్ దగ్గరా వెనక తోక దగ్గరా విడివిడిగా రికార్డు చేయాలి. డ్రైవర్ సీట్లో వినపడే దాంట్లో గాలి పీల్చే వైపు వాటా చాలామంది అనుకునే దానికన్నా ఎక్కువ. ఆ శబ్దాన్ని ఎగ్జాస్ట్‌కి అంటగట్టి పైపులు కోసుకుంటూ పోతే డబ్బు దండగ.

విప్పడం

కారు నాలుగు స్టాండ్ల మీద, సమంగా. జాక్ మీదే వదిలి కిందకి దూరడం ఎంత తొందరున్నా వద్దు. మానిఫోల్డ్ ఫ్లాంజ్ నట్లు రాగిపూత ఉన్నవి. తుప్పు నూనె కొట్టి ఒక రాత్రి నాననిచ్చి, ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పితే స్టడ్లు విరగవు. ఆ నట్లు, గాస్కెట్లు మళ్లీ వాడకూడదు. కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోవాలి.

పాత ఎగ్జాస్ట్ మొత్తం ఒక మనిషి మోసే బరువు కాదు. రబ్బరు హ్యాంగర్లకు సబ్బునీళ్లు రాసి తోస్తే జారిపోతాయి, పళ్లు పగలకొట్టాల్సిన పని ఉండదు. పాతదాన్ని పారేయకుండా పక్కన పెట్టాం. హ్యాంగర్ కడ్డీల స్థానాలకు అదే కొలబద్ద, ఎప్పుడైనా అసలు స్థితికి తేవాలన్నా అదే ఆధారం.

రెండు పైపులు కలిసే చోటు

వెల్డింగ్ చేసేముందు మధ్య భాగాన్ని క్లాంపులతో మాత్రమే బిగించి మూడు రకాలుగా విన్నాం. డైరీలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాం, ఎందుకంటే స్వరం మారింది ఇక్కడే.

రెండు పైపులూ చివరి దాకా విడిగా పెట్టినప్పుడు 2,500 లోపు బరువైన గురగుర, పైన రెండు మూడు-సిలిండర్ ఇంజన్లు పక్కపక్కన పరిగెడుతున్న శబ్దం. స్పెక్ట్రమ్‌లో ఆర్‌పీఎమ్/40 గీత స్పష్టంగా నిలబడింది. ఎక్స్ ఆకారంలో కలిపితే ఆ గీత సగానికి పైగా కుంగింది, గొంతు నునుపెక్కింది. వై ఆకారంలో రెండింటినీ పూర్తిగా ఒకే పైపులోకి తెస్తే ఆర్‌పీఎమ్/20 గీత ఒక్కటే మిగిలింది. కోరుకున్న స్వరం అదే.

వైని ఎంచుకోవడానికి ఇంకో కారణం తర్వాత వచ్చే మోత. ఎక్స్ తర్వాత కూడా పైపులు రెండే కాబట్టి మోతను చంపే పక్క గొట్టాలు (వాటి సంగతి కింద వస్తుంది) రెండు కావాలి. ఈ46 అడుగున అంత చోటు లేదు.

పైపు సైజు లెక్క ఇది. ముందు వచ్చే రెండు పైపులు రెండంగుళాలవి, గోడ మందం 1.65 మి.మీ. లోపలి వ్యాసం 47.5, రెండింటి వైశాల్యం కలిపి 3,540 చదరపు మి.మీ. తర్వాతి ఒంటి పైపు రెండున్నర అంగుళాలు, లోపలి వైశాల్యం 2,850. ఇరవై శాతం తక్కువే. కానీ గ్యాసు వెనక్కి వెళ్లే కొద్దీ చల్లబడి కుంచించుకుపోతుంది. 700 డిగ్రీల గ్యాసు 400కు దిగితే దాని పరిమాణం ముప్ఫై శాతం తగ్గుతుంది. కాబట్టి ఈ ఇంజనుకు రెండున్నర సరిపోతుంది. మూడంగుళాలు పెట్టినవాళ్లకు వచ్చేది శక్తి కాదు, డ్రమ్ము మోత. పాత పైపు కోసిన కొసను వెర్నియర్‌తో కొలిచాకే కొత్తవి ఆర్డరు పెట్టండి. క్యాటలాగును నమ్మితే అడాప్టర్ల కోసం మళ్లీ తిరగాలి.

పొడవు కొలిచేది ఫ్లాంజ్ నుంచి కాదు, ఒక్కో మానిఫోల్డ్‌లో మూడు గొట్టాలు కలిసే చోటు నుంచి. ముందు గుంపు ఎక్కువ దూరం నుంచి వస్తుంది కాబట్టి ఫ్లాంజ్ దగ్గర సమానంగా కనిపించేవి అసలు సమానం కావు. ఇంకొకటి, ఒంపుల కొలత. రెండంగుళాల పైపు, మధ్యగీత వ్యాసార్ధం 76 మి.మీ. ఉన్న 45 డిగ్రీల ఒంపు తీసుకోండి. మధ్యగీత పొడవు 60 మి.మీ., లోపలి అంచు 40, బయటి అంచు 80. టేపును బయటి అంచు మీద పరిచి కొలిస్తే ఒంపుకి 20 మి.మీ. చొప్పున తప్పుతుంది. మూడు ఒంపులు ఉంటే తేడా 60. బయటి అంచు, లోపలి అంచు రెండూ కొలిచి సగటు తీసుకోవడమే తేలికైన పద్ధతి. వెనక గుంపు పైపుకి రెండు 45 డిగ్రీల ఒంపులతో ఎస్ మెలిక పెట్టి, వైని కాస్త పక్కకు జరిపి, తేడాను 20 మి.మీ. లోపుకు తెచ్చాం. 6,000 దగ్గర అది ఒక డిగ్రీ చిల్లర. చెవికి అందదు.

వై కలిసే కోణం తక్కువగా ఉండాలి, ఒక్కో కాలు 15 డిగ్రీలకు మించకుండా. టీ ఆకారంలో ఎదురెదురుగా గుద్దుకునేలా కలిపితే ఒక పైపు దెబ్బ రెండో పైపులోకి వెనక్కి ఎగదన్నుతుంది.

వెల్డింగ్

పైపు 304 స్టెయిన్‌లెస్. టిగ్ వెల్డింగ్‌తో (టంగ్‌స్టన్ మొనతో, ఆర్గాన్ రక్షణలో అతికే పద్ధతి), 1.6 మి.మీ. టంగ్‌స్టన్, 50 ఆంపియర్ల చుట్టూ, టార్చికి నిమిషానికి 8 లీటర్ల ఆర్గాన్. 304ను 304కు అతికేటప్పుడు ఈఆర్ 308ఎల్ కడ్డీ, 304ను పాత మైల్డ్ స్టీలు ముక్కకు అతికేటప్పుడు 309ఎల్. ఇవి తారుమారైతే ఆ రోజు బాగానే కనిపిస్తుంది, కొన్నాళ్లకు అతుకు పక్కనే పగులు వస్తుంది.

అతుకు వేయబోయే అంచుల మధ్య వెలుతురు కనిపిస్తే ఆ ముక్కను మళ్లీ సానపట్టాలి. సందును కడ్డీతో నింపుదామనుకుంటే పలచని పైపుకి చిల్లు పడుతుంది. లోపలా బయటా కోత అంచు ముళ్లు (బర్రు) తీసి, అసిటోన్‌తో తుడిచి, నాలుగు చోట్ల ట్యాక్ (తాత్కాలిక చుక్క అతుకు) వేసి, కారు కింద పెట్టి చూసి, మళ్లీ బయటకు తీసి పూర్తి చేయాలి. కారు కిందే ట్యాక్‌కు మించి వేయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగ విప్పాలి, ఎర్త్ క్లాంపును అతుకుకు చేరువలో పెట్టాలి.

ఎక్కువమంది ఎగ్గొట్టేది వెనక ఆర్గాన్. పైపు రెండు కొసలూ అల్యూమినియం టేపుతో మూసి, ఒక వైపు నుంచి నిమిషానికి 4 లీటర్ల ఆర్గాన్ వదిలి, రెండో వైపు చిన్న రంధ్రం ఉంచాలి. పైపులోని గాలి మొత్తం బయటకు పోయే దాకా ఆగి అప్పుడు టార్చి వెలిగించాలి. ఇది లేకుండా వేస్తే బయట బంగారు రంగు అతుకు, లోపల నల్లగా పొంగిన బొబ్బలు. ఆ పొక్కులు గ్యాసు దారికి అడ్డం, తుప్పు మొదలయ్యేదీ అక్కడే, ఊడొస్తే పోయి రెజొనేటర్ (మధ్యలో పెట్టే చిన్న సైలెన్సర్ లాంటి డబ్బా) జల్లెడలో ఇరుక్కుంటాయి. అతుకు రంగు లేత బంగారం నుంచి నీలం దాకా ఉంటే మంచిది. బూడిద రంగు తేలితే వేడి ఎక్కువైంది, లేదా ఆర్గాన్ చాలలేదు.

స్టెయిన్‌లెస్ వేడికి బాగా సాగుతుంది. రెండున్నర మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే 12-13 మి.మీ. పొడుగవుతుంది. చల్లగా ఉన్నప్పుడు బంపరు కోతలో అందంగా మధ్యన కూర్చున్న తోక వేడికి వెనక్కి జరుగుతుంది. అందుకే హ్యాంగర్లను కొద్దిగా ముందుకు లాగినట్టు బిగించాం. గేరుబాక్సు వెనకున్న రబ్బరు కప్లింగ్‌కీ పైపుకీ మధ్య వేలు దూరేంత కాదు, బొటనవేలు దూరేంత సందు ఉండాలి. వేడికి ఆ రబ్బరు పగిలితే డ్రైవ్‌షాఫ్ట్ కొట్టుకోవడం మొదలవుతుంది. విప్పిన హీట్ షీల్డ్‌లన్నీ తిరిగి బిగించాలి. వదులుగా ఉన్న ఒక్క షీల్డ్ గలగల చాలు, వేసిన ఎగ్జాస్ట్ మీదే అనుమానం రావడానికి.

గరగర

వై, రెండున్నర పైపు, జల్లెడ గొట్టం రకం వెనక సైలెన్సర్, మధ్యలో రెజొనేటర్ లేకుండా మొదట నడిపాం. 4,500 పైన స్వరం సరైనదే, కానీ దాని మీద ఒక రేకు పొర. ఎం54ల మీద పలచని పైపులు వేసినవాళ్లందరికీ తెలిసిన గరగర ఇది. పదునైన దెబ్బల్లో ఉండే పై స్థాయి స్వరాలు పలచని గోడలను మోగించడం దీనికి కారణం.

దీనికి మందు దూదిలాంటి పీచు నింపిన రెజొనేటర్. పై స్థాయి శబ్దాన్ని పీచు పీల్చుకుంటుంది, మూల స్వరాన్ని దాదాపు ముట్టుకోదు. 450 మి.మీ. పొడవు, 100 మి.మీ. వ్యాసం డొక్క ఉన్నది వై తర్వాత వీలైనంత దగ్గరగా పెట్టాం. 300 మి.మీ.ది కూడా పట్టించి చూస్తే గరగర తగ్గిందే కానీ పోలేదు. కొనేటప్పుడు జల్లెడ గొట్టం చుట్టూ ముందు స్టీలు పీచు, దాని మీద గాజు పీచు ఉన్నది అడగండి. గాజు పీచు ఒక్కటే ఉంటే వేడి దెబ్బలకు పొడై జల్లెడ రంధ్రాల్లోంచి బయటకు కొట్టుకుపోతుంది, కొన్నాళ్లకు రెజొనేటర్ ఖాళీ డబ్బా అవుతుంది. మొదటిసారి వేడెక్కినప్పుడు పొగ, కాలిన నూనె వాసన వస్తాయి. కంగారు అక్కర్లేదు.

65 మైళ్ల మోత

225/45 ఆర్17 టైర్లు, 2.93 ఫైనల్ డ్రైవ్, ఐదో గేరు 1.00. గంటకు 65 మైళ్ల దగ్గర ఇంజను సుమారు 2,630 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంది. ఇరవైతో భాగిస్తే 131 హెర్ట్జ్. క్యాబిన్లో ఫోను పెట్టి చూస్తే మోత శిఖరం సరిగ్గా అక్కడే నిలబడింది. పీచు రెజొనేటర్ ఇంత తక్కువ స్వరాన్ని పట్టుకోలేదు. ఎన్ని పెట్టినా అంతే.

దీనికి వాడేది ఒక కొస మూసిన పక్క గొట్టం. పొడవు ఆ స్వరపు తరంగంలో నాలుగో వంతు. గొట్టంలోకి వెళ్లిన తరంగం మూసిన కొసకు తగిలి సరిగ్గా ఎదురు దశలో తిరిగొచ్చి అసలు దాన్ని రద్దు చేస్తుంది. గ్యాసు దారికి ఏ అడ్డూ ఉండదు.

పొడవు ఎంత? శబ్ద వేగాన్ని స్వరానికి నాలుగు రెట్లతో భాగించాలి. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. 25 డిగ్రీల గాలిలో వేగం 346 మీటర్లు వేసుకుని లెక్క కడితే 66 సెంటీమీటర్లు వస్తుంది. కానీ నడిచేటప్పుడు గొట్టంలో ఉండేది వేడి గ్యాసు. 210 డిగ్రీల దగ్గర వేగం 440 మీటర్లు. ఆ వేడిలో 66 సెంటీమీటర్ల గొట్టం పట్టుకునేది 167 హెర్ట్జ్‌ను, అంటే 82 మైళ్ల వేగాన్ని. 65 దగ్గర మోత అలాగే ఉంటుంది, పక్క గొట్టాలు పనిచేయవని పేరు పడుతుంది. అలాగని ప్రధాన పైపు వేడి తీసుకున్నా తప్పే. మూసిన గొట్టంలో గ్యాసు పారదు కాబట్టి అది అంతకన్నా చల్లగా ఉంటుంది.

అందుకే లెక్కను నమ్మి కోయకుండా, గొట్టం కొసన లోపలికీ బయటికీ జరిగే ముక్క పెట్టి క్లాంపుతో బిగించాం. 900 మి.మీ.తో మొదలుపెట్టి, కారు పూర్తిగా వేడెక్కాక 65 దగ్గర నడిపి, 20 మి.మీ. చొప్పున తగ్గిస్తూ వచ్చాం. 840 దగ్గర శిఖరం కూలి చుట్టుపక్కల మట్టంలో కలిసిపోయింది. అక్కడే మూత వెల్డింగ్ చేశాం.

స్థానం కూడా ముఖ్యమే. తోక తెరిచిన కొస దగ్గర పీడనం ఊగిసలాట దాదాపు ఉండదు కాబట్టి అక్కడ పెడితే గొట్టం వృథా. రెజొనేటర్ తర్వాత, వెనక సైలెన్సర్‌కు ముందు పెట్టాం. వ్యాసం ప్రధాన పైపుదే, రెండున్నర. సన్నని గొట్టం పెడితే ప్రభావం ఇరుకవుతుంది. మూసిన కొస కొద్దిగా పైకి ఉండేలా వాలు ఇవ్వాలి. కొస కిందికుంటే ఇంజను చల్లారినప్పుడు చేరే నీరు అక్కడే నిలిచి గొట్టం పొడవు తగ్గుతుంది, లోపలి నుంచి తుప్పూ పడుతుంది. వెనక సైలెన్సర్ అడుగున కూడా బాగా పల్లంగా ఉన్న చోట 3 మి.మీ. రంధ్రం వేశాం, నీరు కారిపోవడానికి.

లీకులు, కొలత

తోకలో వ్యాక్యూమ్ క్లీనర్‌ను ఊదే వైపు పెట్టి గుడ్డ కుక్కి, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు చల్లితే బుడగలే చెబుతాయి. ఫ్లాంజ్ దగ్గర చిన్న లీకు ఉన్నా అది గాలిని బయటకు వదలడమే కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య లోపలికీ పీల్చుకుంటుంది. అక్కడికి వెనక ఆక్సిజన్ సెన్సర్ దగ్గరే కాబట్టి ఇంజను కంప్యూటర్లో ఎర్రర్ కోడ్ రావచ్చు. చల్లగా ఉన్నప్పుడు టిక్‌టిక్ మని, వేడెక్కాక పోయే చప్పుడు వస్తే మొదట అనుమానించాల్సింది ఆ గాస్కెట్‌నే.

శబ్దం కొలిచింది తోక మొన నుంచి అర మీటరు దూరంలో, పైపు దారికి 45 డిగ్రీల కోణంలో, మొన ఎత్తులో మైకు పెట్టి. ఇంజనును గరిష్ఠ శక్తి వేగంలో మూడు వంతుల దగ్గర, ఈ కారుకి 4,425 ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపి, వదిలేసేటప్పుడు కూడా చదివాం. గోడ పక్కన, షెడ్డు లోపల కొలిస్తే ప్రతిధ్వని కలిసి అంకె పెరుగుతుంది, ఖాళీ స్థలంలోనే కొలవాలి. ఫోను యాప్ తేడాలు చూడటానికి బాగుంటుంది, పరిమితికి సాక్ష్యం మాత్రం కాదు. దానికి క్యాలిబ్రేట్ చేసిన మీటరే వాడాలి.

ఇండియాలో ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మీద ఆంక్షలు పెట్టింది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు, మూడు నెలలు లైసెన్సూ పోతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆరు సిలిండర్ల కారు ఉన్నవాళ్లు ముందు ఆ ప్రమాణాలు చదివి, ఆ తర్వాతే గ్రైండర్ పట్టుకోవాలి.

ఇంకా మిగిలి ఉన్నవి: నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక ఫ్లాంజ్ నట్లు, క్లాంపులు మళ్లీ బిగించాలి. వైకి ముందున్న రెండు పైపులకు వేడి గుడ్డ చుట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. చుడితే గ్యాసు వేడిగా ఉండి 840 మి.మీ. గొట్టం పట్టుకునే స్వరం కొంచెం పైకి జరుగుతుంది, మోత కింది వేగంలో మళ్లీ తేలొచ్చు. అందుకే మొదట చుట్టకుండా చలికాలంలో, అసలు చల్లటి ఉదయాల్లో 60 నుంచి 70 మైళ్ల మధ్య రికార్డు చేసి చూస్తాం.